శాసనసభ ఎన్నాళ్ళు కూర్చోవాలి?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో రెండవ రోజు చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి ఈ శిబిరంలో మనం మాట్లాడుకున్నవన్నీ కళ్ళెదుట కనపడే సమస్యలు. గృహహింస కేసుల్లో రక్షణాధికారి దొరక్కపోవడం, బెల్టు షాపులు, ఆశా కార్యకర్తల వేతనాలు. ఇప్పుడు నన్ను శాసనసభ సమావేశాల రోజుల గురించి, వాటి క్యాలెండరు గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే వెనక వరుసలో ఒకామె "అది లాయర్ల గొడవ కదండీ, మనకెందుకు" అనడం నాకు వినపడింది. ఆమెను తప్పు పట్టను. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. ఎలా మార్చుకున్నానో చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను.

కొన్నేళ్ళ క్రితం మా మండలంలో నలభై మందికి పైగా వితంతువుల పింఛన్లు ఒకేసారి ఆగిపోయాయి. మండలాఫీసుకు తిరిగాం, జిల్లా కేంద్రానికి తిరిగాం. చివరికి వేలిముద్రలతో అర్జీ రాసుకుని మా ఎమ్మెల్యే దగ్గరకు వెళ్ళాం. ఆయన మంచిగానే మాట్లాడాడు. సభలో ప్రశ్న వేస్తానన్నాడు, నోటీసు కూడా ఇచ్చాడు. రెండు వారాలు జరుగుతాయని పత్రికల్లో రాసిన సమావేశాలు తీరా మొదలయ్యాక నాలుగు రోజులే అన్నారు. మా ప్రశ్న వంతు వచ్చేలోగా సభ నిరవధికంగా వాయిదా పడింది. తర్వాత గవర్నరు ప్రొరోగ్ చేశారు. ప్రొరోగ్ చేస్తే అప్పటిదాకా ఇచ్చిన ప్రశ్నల నోటీసులు రద్దయినట్టే, మళ్ళీ ఇవ్వాలి. "వచ్చే సమావేశాల్లో చూద్దాం అమ్మా" అన్నాడు. ఆ వచ్చే సమావేశాలు రావడానికి అయిదు నెలలు పట్టింది. ఈలోగా అర్జీ మీద వేలిముద్ర వేసిన ఇద్దరు ముసలమ్మలు చనిపోయారు. పింఛను ఆగినందువల్లే చనిపోయారని నేను అనను. కానీ వాళ్ళ పింఛను ఎందుకు ఆగిందో ఎవరూ ఎవరికీ జవాబు చెప్పకుండానే వాళ్ళు పోయారు. అప్పుడు మొదటిసారి అడిగాను, అసలు ఈ సభ ఎన్ని రోజులు కూర్చోవాలని ఎక్కడ రాసి ఉంది అని.

ఎక్కడా రాసి లేదు. రాజ్యాంగం 174వ అధికరణం చెప్పేది ఒక్కటే. ఒక సమావేశంలో చివరి రోజుకూ, తర్వాతి సమావేశంలో మొదటి రోజుకూ మధ్య ఆరు నెలలు దాటకూడదు. అంతే. ఆరు నెలలకొకసారి ఒక్క పూట కూర్చుని లేచినా రాజ్యాంగం నెరవేరినట్టే. 1950లో అమలులోకి వచ్చినప్పుడు ఆ అధికరణంలో ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశపరచాలన్న మాట ఉండేది. 1951లో మొదటి సవరణ చేసినప్పుడు ఆ మాట పోయింది, ఆరు నెలల మాట మిగిలింది.

రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరగకపోలేదు. 1949 మే నెలలో పార్లమెంటు సమావేశాల అధికరణం వచ్చినప్పుడు కె.టి. షా, హెచ్.వి. కామత్ లాంటి వాళ్ళు సభ ఎక్కువసార్లు, ఎక్కువ రోజులు కూర్చోవాలని రాద్దామన్నారు. అంబేద్కర్ జవాబు ఈ రోజు చదివితే మనసు కలుక్కుమంటుంది. బ్రిటిష్ కాలంలో ప్రభుత్వానికి సభను పిలవడం ఇష్టం ఉండేది కాదు, పన్నులకు ఆమోదం కోసం తప్పదు కనుక పిలిచేవాళ్ళు. ఇప్పుడు ప్రజలకు జవాబుదారీ అయిన ప్రభుత్వం వస్తుంది, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. నిజానికి సభ్యులే విసిగిపోయేటంత తరచుగా, అంత దీర్ఘంగా సమావేశాలు జరుగుతాయేమోనని నా భయం అన్నారాయన. ఆయన అన్నిటిలోనూ ముందుచూపు ఉన్న మనిషి. ఈ ఒక్క విషయంలో మాత్రం తర్వాతి తరం నాయకుల మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారనిపిస్తుంది.

ఇప్పటి సంగతి చూడండి. ఢిల్లీలోని పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ఏటా రాష్ట్రాల లెక్కలు తీస్తోంది. 2021లోనూ, 2022లోనూ మన రాష్ట్రాల శాసనసభలు సగటున 21 రోజులు కూర్చున్నాయి. ఏడాదికి 21 రోజులు! 2021లో పది రోజులు కూడా కూర్చోని సభలు అయిదు ఉన్నాయి, అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదే ఏడాది కేరళ 61 రోజులు కూర్చుంది. కొవిడ్ కేరళలో లేదా? ఉంది, మనకంటే తక్కువగా ఏమీ లేదు. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లో ఇచ్చిన నివేదికలో 70 మంది కంటే తక్కువ సభ్యులున్న సభలు కనీసం 50 రోజులు, మిగిలినవి కనీసం 90 రోజులు కూర్చోవాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌కు 175 మంది, తెలంగాణకు 119 మంది. రెంటికీ 90 రోజుల లెక్కే వర్తిస్తుంది.

సరే, సభ కూర్చోకపోతే ప్రభుత్వం ఆగిపోతుందా? ఆగదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. సభ లేనప్పుడు ప్రభుత్వం హాయిగా నడుస్తుంది. చట్టం కావాలంటే 213వ అధికరణం కింద ఆర్డినెన్స్ తెస్తుంది. సభ తిరిగి కూర్చున్న ఆరు వారాలకు ఆర్డినెన్స్ గడువు తీరిపోవాలి. కానీ దానికీ దారి కనిపెట్టారు. ఈ కథ కార్యకర్తలందరూ తెలుసుకోదగ్గది, కాస్త వివరంగా చెప్తాను.

డి.సి. వాధ్వా అని పూనాలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థికశాస్త్రం చెప్పే ఆయన. లాయరు కాదు. బీహారులో భూముల చట్టాల మీద పరిశోధన చేస్తూ ఒక వింత గమనించాడు. తాను చదువుతున్నవి చట్టాలు కావు, ఆర్డినెన్సులు. ఒకటి గడువు తీరుతుంటే అదే మాటలతో ఇంకొకటి, అది తీరుతుంటే మరొకటి. ఆయన గెజిట్లు ముందేసుకుని లెక్క కట్టాడు. 1967 నుంచి 1981 దాకా బీహారు ప్రభుత్వం 256 ఆర్డినెన్సులు తెచ్చి, వాటిని మళ్ళీ మళ్ళీ జారీ చేస్తూ బతికించింది. కొన్ని పద్నాలుగేళ్ళు కూడా బతికాయి. సభ సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి, వాటి ముందుకు మాత్రం ఇవి రాలేదు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1986 డిసెంబర్ 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇది రాజ్యాంగాన్ని మోసం చేయడమే అని తీర్పు చెప్పింది. అయినా బీహారు మారిందా? 1989లో సంస్కృత పాఠశాలలను ప్రభుత్వపరం చేస్తూ తెచ్చిన ఆర్డినెన్సును కూడా సభ ముందు పెట్టకుండానే మళ్ళీ మళ్ళీ జారీ చేసుకుంటూ పోయి చివరికి వదిలేశారు. ఆ పాఠశాలల సిబ్బంది జీతాల కోసం కోర్టుల చుట్టూ తిరిగితే, 2017 జనవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆర్డినెన్సును సభ ముందు పెట్టి తీరాలి అని చెప్పింది. అంటే పెట్టాలని చెప్పడానికే ఇన్నేళ్ళు!

నాకు వాధ్వాలో నచ్చేది ఆయన ఎక్కడా ఊరేగింపు తీయలేదు, గెజిట్లు లెక్కపెట్టాడు. మనం ఊరేగింపులు బాగా తీస్తాం. లెక్కపెట్టడం కూడా నేర్చుకోవాలి.

ఇది బీహారు కథ అని నవ్వుకోవద్దు. మన దగ్గర ఏకంగా ఖర్చుకే ఆర్డినెన్సులు తెచ్చారు. ప్రజల డబ్బు ఖర్చు పెట్టాలంటే సభ ఒప్పుకోవాలి. శాసనసభ పుట్టిందే అందుకోసం. 2021 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడ్జెట్ సమావేశాలు పెట్టకుండా మొదటి మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్స్ తెచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, పార్టీ మారింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి నాలుగు నెలల ఖర్చుకు మళ్ళీ ఆర్డినెన్సే వచ్చింది. పూర్తి బడ్జెట్ నవంబర్ 11న సభ ముందుకు వచ్చింది. ఏప్రిల్‌లో మొదలైన ఆర్థిక సంవత్సరానికి ఎనిమిదో నెలలో బడ్జెట్! కొవిడ్ అని ఒకరు, కొత్త ప్రభుత్వం, ఖజానా లెక్కలు తేలాలని మరొకరు కారణాలు చెప్పారు. కారణాలు ఎప్పుడూ ఉంటాయి.

2021 మే 20 తేదీ మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు ఒక్కరోజు సమావేశం పెట్టి దాదాపు 2 లక్షల 30 వేల కోట్ల బడ్జెట్‌ను ప్రవేశపెట్టి, ఆ రోజే ఆమోదించారు. ప్రతిపక్షం బహిష్కరించింది. ఆ బడ్జెట్‌లోనే ఆంధ్రప్రదేశ్‌లో మొట్టమొదటి జెండర్ బడ్జెట్ పత్రం పెట్టారు. స్త్రీల కోసం 47 వేల కోట్లకు పైగా అన్నారు. జెండర్ బడ్జెట్ కావాలని మనలాంటి సంస్థలు ఎన్నేళ్ళుగా అడిగాయో ఈ గదిలో ఉన్న పెద్దవాళ్ళకు తెలుసు. తీరా అది వచ్చిన రోజు దాని మీద చర్చ లేదు. ఆ 47 వేల కోట్లలో ఇంటి పట్టాలు ఎన్ని, పింఛన్లు ఎన్ని, హాస్టళ్ళకు ఎంత, రక్షణాధికారుల జీతాలకు ఎంత, పాత పథకాలకే కొత్త పేరు పెట్టినవి ఎన్ని? అడగడానికి ఒక పూట కూడా లేదు. మనం అడిగింది ఇచ్చారు, కానీ దాన్ని విప్పి చూసే వీలు లేకుండా ఇచ్చారు.

మామూలు సంవత్సరాల్లో కూడా శాఖల పద్దులన్నీ చర్చకు రావు. చివరి రోజు సాయంత్రం మిగిలిన డిమాండ్లన్నిటినీ కట్టగట్టి ఓటింగుకు పెడతారు. దీన్నే గిలెటిన్ అంటారు, పేరుకు తగ్గ పనే. స్త్రీ శిశు సంక్షేమ శాఖ వంతు వచ్చేటప్పటికి గంటలు అయిపోతాయి. రోజులు తగ్గించినప్పుడు ఎవరి పద్దు ముందుగా ఎగిరిపోతుందో మీరే ఊహించుకోండి. కేరళలో 1980 నుంచి సబ్జెక్టు కమిటీలున్నాయి. బడ్జెట్ పెట్టాక ఒక్కో శాఖ పద్దును ఆ కమిటీ కూర్చుని చూస్తుంది. అందుకే అక్కడ క్యాలెండరు సాగుతుంది. రోజులు పెంచమని మాత్రం అడిగితే చాలదు, ఆ రోజుల మధ్య ఏ పని జరగాలో కూడా అడగాలి.

ఇక బిల్లుల సంగతి. 2021లో రాష్ట్రాల్లో ప్రవేశపెట్టిన బిల్లుల్లో 44 శాతం ఆ రోజే గానీ మర్నాడే గానీ ఆమోదం పొందాయి. బిల్లులో ఒక్క వాక్యం మన జీవితాన్ని ఎలా మారుస్తుందో చెప్పడానికి పాత ఉదాహరణ తీసుకుంటాను. ఆడపిల్లలకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన హిందూ వారసత్వ సవరణ చట్టం గొప్ప చట్టం. 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది. దేశంలో మిగతా రాష్ట్రాలకంటే ముందు చేశాం, గర్వించాలి. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి వర్తించదన్న ఒక్క వాక్యం ఎంతమంది అక్కల వాటాను మింగేసిందో కోర్టు కేసులు చూసినవాళ్ళకు తెలుసు. 2005లో కేంద్రం చట్టం మార్చేదాకా అది అలాగే ఉంది. ఒక వాక్యం, ఇరవయ్యేళ్ళు. అలాంటి వాక్యాలను చదవడానికి మనకు నాలుగు రోజులైనా సమయం కావాలా వద్దా?

2019 నవంబర్ చివర్లో హైదరాబాద్ శివార్లలో ఒక యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దిశ బిల్లు తెచ్చింది. డిసెంబర్ 11న మంత్రివర్గం, 13న శాసనసభ ఆమోదించాయి. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, ఉరిశిక్ష. ఫోరెన్సిక్ నివేదిక ఏడు రోజుల్లో వస్తుందా, ఉరి అంటే తెలిసినవాడి మీద, బంధువు మీద ఫిర్యాదు చేయడానికి ఏ అమ్మాయి ముందుకొస్తుంది, ఇవి మన సంస్థలు అప్పుడే వేసిన ప్రశ్నలు. సభలో వేయడానికి ఎవరికీ సమయం లేదు. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. చట్టం కాకుండానే దాని పేరుతో పోలీసుస్టేషన్లు, వాహనాలు వచ్చాయి. ఊళ్ళల్లో చాలామంది దిశ చట్టం అమలులో ఉందనే అనుకున్నారు. మనకోసమని తొందరపడి చేసే చట్టాలకు కూడా మనం అడ్డు చెప్పక తప్పదు. చెప్పినందుకు తిట్లు తిన్నాం, అది వేరే సంగతి.

తెలంగాణ మిత్రులు మా దగ్గర నయమేనా అని అడుగుతున్నారు. 2022 మార్చి 7న మీ బడ్జెట్ సమావేశాలు గవర్నరు ప్రసంగం లేకుండా మొదలయ్యాయి. అంతకుముందు అక్టోబరులో వాయిదా వేసిన సభను ప్రొరోగ్ చేయలేదు కనుక ఇది పాత సమావేశానికి కొనసాగింపే అన్నారు. గవర్నరుకూ ప్రభుత్వానికీ ఉన్న తగాదాలో మనకు ఏ పక్షమూ లేదు. కానీ ప్రసంగం లేకపోతే ధన్యవాద తీర్మానం లేదు. ఆ తీర్మానం మీద చర్చంటే ఏ విషయమైనా లేవనెత్తగలిగే చర్చ. అది పోయింది.

నా మనసులో అన్నిటికంటే ఎక్కువగా నాటుకున్నది అంగన్‌వాడీల సమ్మె. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. దాదాపు లక్ష మంది ఆడవాళ్ళు. వేతనం పెంచండి, గ్రాట్యుటీ ఇవ్వండి అన్నారు. 42 రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. సంక్రాంతి పండక్కి కూడా శిబిరాల్లోనే ఉన్నారు. జనవరి 6న ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. లక్షమంది స్త్రీల పని అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది, జీతం దగ్గర గుర్తు రాలేదు. ఆ 42 రోజుల్లో శాసనసభ ఒక్క రోజు కూడా కూర్చోలేదు. సెప్టెంబర్ చివర్లో లేచిన సభ మళ్ళీ ఫిబ్రవరి 5న కూర్చుంది. రాజ్యాంగం ప్రకారం తప్పేమీ లేదు, ఆరు నెలలు దాటలేదు. ఎస్మా ఎందుకు పెట్టారని సభలో నిలబడి అడిగే మనిషి లేడు, జవాబు చెప్పవలసిన మంత్రికి ఆ బాధ లేదు. సమ్మె అయిపోయాక సభ పెట్టారు.

సభ తక్కువ రోజులు కూర్చుంటే ఇంకొకటి కూడా జరుగుతుంది. ఉన్న మూడు నాలుగు రోజుల్లోనే అందరూ ఛలో అసెంబ్లీ అంటారు. పోలీసులకు పని తేలిక. ముందురోజు రాత్రే నాయకురాళ్ళను ఇళ్ళల్లో నిర్బంధిస్తారు, బస్టాండ్లలో దించేస్తారు. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల మీద ఛలో అసెంబ్లీకి వచ్చిన వాళ్ళపై బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. సభ ఏడాది పొడవునా అడపాదడపా కూర్చుంటుంటే, కమిటీలు జిల్లాలకు వచ్చి మన మాట వింటుంటే, రాజధానికి దండెత్తవలసిన అవసరం కొంతైనా తగ్గదా?

చట్టం చేస్తే సరిపోతుందా అంటే చాలదు. కర్ణాటక 2005లో చట్టమే చేసింది, ఏడాదికి 60 రోజులు సభ కూర్చోవాలని. 2022లో 45 రోజులు కూర్చుంది. ఆ 45తోనే దేశంలో మొదటి స్థానం వచ్చింది! సొంత చట్టాన్ని మీరిన సభే మొదటి సభ అయింది. మీరితే ఏమవుతుందో ఆ చట్టంలో లేదు, అందుకని ఏమీ కాలేదు. దీనికి ఎదురుగా హర్యానా చూడండి. 2024 మార్చి 13 తర్వాత అక్కడ సభ కూర్చోలేదు. సెప్టెంబరులో ఆరు నెలలు పూర్తి కావచ్చేసరికి, ఎన్నికలు దగ్గర్లో ఉన్నా, సభను రద్దు చేసుకోవలసి వచ్చింది. ఆరు నెలల నిబంధన చిన్నదే, కానీ కొరుకుతుంది. నిబంధనకు పళ్ళుండాలని నేనంటున్నది అందుకే.

మన డిమాండ్లు ఎలా ఉండాలో నా ఆలోచన చెప్తాను, మీరు సవరించండి. కనీసం 90 రోజులు. ఏ నెలల్లో కూర్చుంటారో సంవత్సరం మొదట్లోనే ప్రకటించాలి. ముందే తేదీలు తెలిస్తే ప్రభుత్వానికి నచ్చని వారంలో సభను తప్పించడం కష్టమవుతుంది. బిల్లు తెలుగులో కనీసం రెండు వారాల ముందు బయటపెట్టాలి. ఖర్చుకు ఆర్డినెన్సులు వద్దు. స్త్రీ శిశు సంక్షేమం పద్దును గిలెటిన్ కిందకు పంపకూడదు. రోజులు తగ్గితే ఆ లోటుకు కారణం ముఖ్యమంత్రి సభలోనే రాతపూర్వకంగా చెప్పాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. సభ నడపడానికి రోజుకు లక్షలు ఖర్చంటారు. ఒక్క ప్రభుత్వ ప్రకటనకు పత్రికల్లో పెట్టే ఖర్చు చూసినవాళ్ళు ఆ మాట అనకూడదు. ఎమ్మెల్యేలు నియోజకవర్గంలో ఉండాలంటారు. 90 పోయినా 275 రోజులు మిగులుతాయి, ఉండమనండి. నాకు నిజంగా ఇబ్బందిగా ఉండే అభ్యంతరం మూడోది, నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక చెల్లెలు అన్నది. "వాళ్ళు నాలుగు రోజులు కూర్చుంటేనే ఇళ్ళల్లో ఆడవాళ్ళను తిట్టుకుంటున్నారు, తొంభై రోజులు ఎందుకక్కా?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పనిలేని సభలో తిట్లు ఎక్కువని మాత్రం చూశాను. కమిటీ గదిలో పద్దు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు అదే మనుషులు వేరేగా మాట్లాడతారని సభ్యులుగా పనిచేసినవాళ్ళు చెప్పారు. నమ్మాలనే ఉంది.

2023లో 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది. శాసనసభల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకన్నారు, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతనే అని అందులోనే మెలిక పెట్టారు. ఆ స్థానాల్లోకి మన వాళ్ళు వెళ్ళేసరికి ఏడాదికి ఇరవై రోజులు కూర్చునే సభ వాళ్ళ చేతికొస్తే ఏం చేసుకుంటారు? అధికారం అప్పటికి సచివాలయంలోకి, ముఖ్యమంత్రి కార్యాలయంలోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఖాళీ అయిన ఇంటి తాళంచెవి మనకిస్తారు.

ఇందాక చీటీ మీద ఒక ప్రశ్న వచ్చింది: "సమావేశాలు ఏ నెలల్లో పెట్టాలి?" మంచి ప్రశ్న. వానాకాలం సమావేశాలు సరిగ్గా నాట్ల రోజుల్లో వస్తాయి. కూలీ స్త్రీలు అప్పుడు రాజధానికి రాలేరు, ఒక రోజు వస్తే ఒక రోజు కూలి పోతుంది. అందుకని ఆ నెలల్లో కమిటీలే మండలాలకు రావాలని అడుగుదాం. రాత్రి పదకొండు దాకా సభ నడపడం కూడా ఆపాలి. పసిబిడ్డల తల్లి సభ్యురాలైతే ఆ వేళకు ఎక్కడ ఉంటుంది? పగలు ఎక్కువ రోజులు కూర్చుంటే రాత్రుళ్ళు కూర్చునే అవసరం రాదు.

వెళ్ళేముందు ఒక పని. ఈ సంచిలో ఫారాలు ఉన్నాయి. మీ ఎమ్మెల్యే గత సంవత్సరం సభకు ఎన్ని రోజులు వెళ్ళారు, స్త్రీల గురించి ఏ ప్రశ్న వేశారు, జవాబు వచ్చిందా, వస్తే ఏమని, ఈ నాలుగు వివరాలు కావాలి. ఆయన్నో ఆమెనో అడిగి, తర్వాత సభ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి సరిచూసుకోండి. వచ్చే సంచిక అచ్చుకు పోయేలోగా పంపితే జిల్లాలవారీగా పట్టిక వేద్దాం.